రేవు హోటల్లో నిప్పుతాడు

క్రితం నెల మా మేనల్లుడు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, మామయ్యకి ఏదో ఒక మర్యాద చెయ్యకపోతే తన మనసు ఊరుకోదంటూ నన్ను అమలాపురంలో కొత్తగా తెరిచిన ఒక బారుకి తీసుకువెళ్ళాడు. అక్కడ పండుగప్ప వేపుడు బాగుంటుందంటే వెళ్ళానని ఇంట్లో చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను, ఈ వయసులో నన్ను అంతకు మించి గుచ్చి అడగడం మీకూ మర్యాద కాదు. మేడ మీద పెద్ద హాలు, ఎముకలు కొరికే ఏసీ, గోడ మీద సిగరెట్టు బొమ్మకి అడ్డంగా ఎర్ర గీత గీసిన బోర్డు. బయట వాన కుమ్మరించేస్తోంది. మా పక్క బల్ల దగ్గర కూర్చున్న నలుగురు కుర్రాళ్ళలో ఒకడు ఆ బోర్డు కిందే సిగరెట్టు వెలిగించాడు, సర్వరు వచ్చి ఆర్పెయ్యమన్నాడు, అక్కడ మొదలైంది గొడవ.

"బార్లో తాగొచ్చు గానీ కాల్చకూడదా? ఇదెక్కడి న్యాయమండీ?" అన్నాడు వాడు.

"రూలండి. ఆయ్. కావాలంటే కిందకెళ్ళి కాల్చుకోండి."

"ఈ వానలో బయటికి పొమ్మంటారా మమ్మల్ని?"

ఆ మాట వినగానే నా చేతిలో చేపముక్క చేతిలోనే ఉండిపోయింది. ఈ వానలో బయటికి పొమ్మంటారా. అచ్చంగా ఈ మాటే, ఇలాంటి వానలోనే, నేను పాతికేళ్ళవాడిగా ఉన్నప్పుడు విన్నాను. నేను ఉలిక్కిపడటం చూశాడో ఏమో, ఆ కుర్రాడు నా వైపు తిరిగి, పెద్దవారు మీరు చెప్పండి, మీ రోజుల్లో ఇలాంటి చాదస్తాలున్నాయా అని అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. నేను గొంతు సవరించుకుంటే ఏదో కోత రాబోతోందని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు, పాపం ఆ కుర్రాళ్ళకి తెలియదు.

ఈ రూళ్ళేవీ పుట్టకముందే, కోనసీమకి వంతెనలు లేని రోజుల్లో, రేవు మేనేజరుగా ఉన్న నేను మా రేవు హోటల్లో పొగ మాన్పించానని చెప్పాను. ఒక ఇల్లాలి ప్రాణం కోసం ముప్పైమంది చుట్టరాయుళ్ళకి ఒంటరిగా ఎదురు నిలిచాననీ, ఆ హోటల్లో ఎప్పుడూ వేలాడే నిప్పుతాడుని నా చేత్తో తెంపి గోదాట్లో విసిరేశాననీ చెప్పాను. ఆ కుర్రాడు సిగరెట్టు ఆర్పేశాడు. సర్వరు నాకు నమస్కారం పెట్టాడు. మా మేనల్లుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్కడితో అయిపోతే బాగుండేది. మేనల్లుడు ఆ కథని ఊరంతా మోశాడు. వారం తిరక్కుండా ఒక యువజన సంఘం వాళ్ళు ఫోను చేసి, పొగ మాన్పించే సభ పెడుతున్నామండి, మీకు శాలువా కప్పుతామండి అన్నారు. శాలువా మాట వినగానే సంతోషించాను, అది దాచను. ఏ రంగు అని కూడా అడిగాను. ఆ తరవాత మాత్రం నాలుగు రోజులు అన్నం సయించలేదు. అందుకని, ఆ సభలో చిన్నవాళ్ళ ముందు చెప్పడానికి నోరు రానిదేదో, నా ఈడువాళ్ళయిన మీకు ఇక్కడ చెబుతున్నాను. మీలో సగంమంది అలాంటి తాడు దగ్గరే చుట్ట ముట్టించుకుని ఉంటారు, మీకయితే విప్పి చెప్పక్కర్లేదు.

ముందు చిన్న కోతలు వెనక్కి తీసుకుంటాను. నేను రేవు మేనేజర్ని కాదు. వైనతేయ పాయ మీద ఒక రేవులో, రేవు వేలంపాట పాడుకున్న ఆసామి దగ్గర, పంటు ఎక్కేవాళ్ళకి టిక్కెట్లు కోసేవాణ్ణి. పంటంటే మీకు తెలియనిది కాదు, రెండు నావలు జోడించి పైన బల్లలు పరిస్తే మనుషులూ సైకిళ్ళూ గేదెలూ కొబ్బరికాయల బళ్ళూ అన్నీ ఒక్కసారే దాటేవి. స్కూలు ఫైనలు ప్యాసయ్యానని అందరికీ చెప్పుకునేవాణ్ణి, నిజానికి తప్పాను. చుట్టరాయుళ్ళు ముప్పైమంది కారు, పన్నెండు మందికి మించరు. ఇక తాడు సంగతి. దాన్ని నేను తెంపలేదు, గోదాట్లో వెయ్యలేదు.

రేవు గట్టు మీద తాటాకు పాక ఒకటి ఉండేది, అదే హోటలు. నడిపే ఆయన్ని లోకమంతా బాబాయి అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి, ఆయన భార్య నాకు పిన్ని. ముందు భాగంలో నాలుగు బల్లలు, మధ్యలో వెదురు తడిక, తడిక వెనక పిన్నీ పొయ్యీ. ఆవిడ దిబ్బరొట్టె కాల్చే తీరు మరెక్కడా చూడలేదు, మూకుట్లో పిండి పోసి పైన మూత మీద కొబ్బరి డొక్కల నిప్పులు పేర్చి, పైనా కిందా ఎర్రగా వేగేదాకా కదపకుండా కూర్చునేది. ఆ రొట్టె తినడానికే అవతలి ఒడ్డునుంచి పంటెక్కి వచ్చేవాళ్ళున్నారంటే ఇది మాత్రం కోత కాదు, వాళ్ళకి టిక్కెట్లు కోసింది నేనే.

తాడు పాక మొదటి రాటకి వేలాడుతూ ఉండేది. కొబ్బరి పీచు తాడు, నిలువెత్తు పొడుగు, కింది కొస తెల్లారిందగ్గర్నుంచి పొద్దుగూకేదాకా నుసి రాలుస్తూ రాజుకుంటూనే ఉండేది. చుట్ట నోట్లో పెట్టుకుని వచ్చినవాడు ఆ కొస పట్టుకుని రెండు దమ్ములు లాగి ముట్టించుకుని, తాడుని మళ్ళీ మెల్లిగా వదిలేవాడు, విసురుగా వదిలితే పక్కవాడి పంచె కాలుతుంది కనక. దాహమన్నవాడికి నీళ్ళూ, చుట్ట పట్టుకొచ్చినవాడికి నిప్పూ లేదనకూడదని మా వైపు పెద్దలు చెప్పేవారు. గట్టు తగాదా పెట్టుకుని కోర్టుకెళ్ళే అన్నదమ్ములిద్దరు అదే పంటు మీద ఎడమొహం పెడమొహంగా వచ్చేవారు గాని, హోటలు రాట దగ్గర మాత్రం అన్న ముట్టించుకుని తాడు కొస తమ్ముడి వైపు తిప్పి పట్టుకునేవాడు. ఆ ఒక్క క్షణం చూడ్డానికి ముచ్చటగా ఉండేది. అంత ముచ్చటైన దానివల్ల ఎవరికైనా హాని ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆ ఏడు శ్రావణంలో వరద వచ్చింది. నీళ్ళు ఎర్రగా తిరిగి, సుడులు పడి, పంటు కట్టేశాము. మూడో రోజు పొద్దున్న, దాటడానికి వచ్చి దాటలేక, వానకి తడిసి ముద్దయిన జనం హోటల్లో దూరారు. మొదట వచ్చిన మనిషి చుట్ట నోట్లో పెట్టుకుని అలవాటు చొప్పున రాట వైపు చెయ్యి చాపితే చేతికి ఏమీ తగల్లేదు. తాడు లేదు.

"బాబాయ్, తాడేదీ?"

"తీసేనండి," అన్నాడు బాబాయి గ్లాసు తుడుస్తూ, తల ఎత్తకుండా. "ఇకమీదట లోపల కాల్చొద్దండి. బయట కాల్చుకుని రండి."

"ఈ వానలో బయటికి పొమ్మంటావా మమ్మల్ని?"

అన్నది మా రేవులో అందరూ మావయ్య అని పిలిచే లంక రైతు. లంకలో రెండెకరాల పొగాకు వేసేవాడు, ఆయన ఆకంటే అటు రాజోలు దాకా పేరు. మనిషి వెన్న, గొంతు మాత్రం ఉరుము. ఎందుకు తీశావని ఆయన నిలదీస్తే, బాబాయి నసిగి నసిగి, తాటాకు పాక కదండీ, నిప్పురవ్వ పడి అంటుకుంటుందని భయంగా ఉందండి అన్నాడు. మూడు రోజులుగా వాన కురుస్తుంటే, పిండితే నీళ్ళు కారే పాక అంటుకుంటుందంటే ఎవరు నమ్ముతారు? పన్నెండుమందీ గొల్లుమని నవ్వారు.

బాబాయి పక్షం మాట్లాడినది ఒక్క మాస్టారే. అవతలి ఒడ్డు బళ్ళో చెప్పేవారు, చుట్ట ముట్టేవారు కాదు. హోటలు ఆయనది, ఆయన వద్దంటే మానడం మన ధర్మం, నలుగురూ కూర్చునే చోట ఒకడి పొగ ఇంకొకడు ఎందుకు పీల్చాలి అని ఆయన చాలా పద్ధతిగా చెప్పుకొస్తున్నారు. ఈ కాలంలో పుట్టి ఉంటే గోడ మీద బోర్డుకి ఆయన బొమ్మ వేసేవారు. కాని ఆయన నడుమున పొడుం డబ్బీ ఉండేది, అదే ఆయన కొంప ముంచింది.

"మాస్టారూ, మీరు ముక్కులో కూరుకునేదేటండీ? విభూదా?" అన్నాడు లంక మావయ్య. "అది మా లంక ఆకేనండి. మేం నోటితో కాలిస్తే తప్పూ, మీరు ముక్కుతో తింటే శాస్త్రమూనా?"

మాస్టారి మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది. అయినా ఆయన వదల్లేదు, వాళ్ళూ వదల్లేదు, వాన వదల్లేదు. ఒక గంట సేపు వాదన సాగింది. మధ్యమధ్య తడిక వెనకనుంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ దగ్గు మాకు కొత్త కాదు, పంటు కట్టే గొలుసు చప్పుడులాగ అది కూడా రేవు చప్పుళ్ళలో ఒకటయిపోయింది. లంక మావయ్య ఆ దగ్గు విని నిజంగానే నొచ్చుకుని, తన సంచిలోంచి మంచి చుట్ట ఒకటి ఏరి తీసి, కఫానికి దీనికి మించిన మందు లేదమ్మా, మా అమ్మ రోజుకి నాలుగు కాలుస్తుంది, ఎనభై దాటింది అని తడిక మీంచి లోపలికి అందించాడు. అందులో వెటకారం లేదు. మా అందరికీ అది మంచి సలహాలాగే తోచింది. నేను తల కూడా ఊపాను.

చివరికి తేలక, టిక్కెట్ల అల్లుణ్ణి చెప్పమనండి, చదువుకున్నవాడు అన్నారు నన్ను చూపించి. పంటు లేని రోజుల్లో రేవు పెద్దరికం నాదే అన్నట్టు నడిచేవాణ్ణి, అడగ్గానే బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. బాబాయి అప్పుడు తల ఎత్తి నా వంక చూశాడు. ఆ చూపు గురించి తరవాత చెబుతాను.

బాబాయ్, నీ భయం నిప్పు గురించే కదా అన్నాను. అవునన్నాడు. అయితే నిప్పు తాడుకే ఉందా, పొయ్యికి లేదా? తాడు కొసన ఉన్నది గోరంత, పొయ్యిలో ఉన్నది కొండంత. పొగ సంగతంటావా, పొయ్యి పొగ ముందు చుట్ట పొగ ఒక పొగా? ముందు నువ్వు పొయ్యి ఆర్పు, ఆ వెంటనే మేం తాడు మానేస్తాం. పొయ్యి ఆర్పుతావా బాబాయ్?

జనం బల్లలు చరిచారు. స్కూలు ఫైనలు తప్పినవాడు ప్లీడరైపోయాడు. మాస్టారు ఒక్కరే నవ్వలేదు, గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయారు. బాబాయి మళ్ళీ గ్లాసు తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడు పిన్ని తడిక దాటి వచ్చింది. ఆవిడ మగవాళ్ళున్న వైపు రావడం నేనెప్పుడూ చూడలేదు. చేతిలో ఆ తాడుంది. కొస పొయ్యిలో ముట్టించి తెచ్చింది, నిప్పు సరిగా రాజుకోలేదని నోటి దగ్గరికి తీసుకుని ఊదింది. ఊదగానే దగ్గు తెర వచ్చి, రాట పట్టుకుని వంగిపోయి, తెర తగ్గేదాకా అలాగే నిలబడి, ఆ తరవాత తాడు కొక్కేనికి తగిలించింది.

"ఇదుగోండి, కాల్చుకోండి. వానలో ఎవర్నయినా బయటికి పొమ్మంటామా? ఆయనకి తోచలేదు గానీ," అంది. వెళుతూ వెళుతూ నా దగ్గర ఆగి, "బాగా చెప్పేవు నాయనా," అంది.

అది దెప్పడమో మెచ్చుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ మొహంలో దెప్పుడు ఏమీ కనపడలేదు. అందుకే ఇన్నేళ్ళూ మోస్తున్నాను.

ఇక్కడ మీరు నన్ను క్షమించెయ్యడానికి సిద్ధంగా ఉంటారు. కుర్రతనం, ఏదో వాదనలో నెగ్గాలన్న సరదా, ఆవిడ సంగతి వాడికేం తెలుసు అనుకుంటారు. మిమ్మల్ని అలాగే అనుకోనిచ్చి ఇక్కడ ఆపేద్దామని రెండుసార్లు కలం పక్కన పెట్టాను కూడా. కాని నాకు తెలుసు. వరదకి వారం ముందు ఆరెంపీ డాక్టరు గారు పిన్నిని చూసి పంటు మీద వెనక్కి వెళుతూ నా పక్కన నిలబడి చెప్పారు, ఆ తల్లికి ఊపిరితిత్తులు బాగోలేవు, పొయ్యి పొగే ఎక్కువ, దానికి తోడు మీ చుట్టల పొగ, పొయ్యి ఎలాగూ మానలేరు, కనీసం ఈ పొగైనా ఆపమని ఆయనకి చెప్పి వస్తున్నాను, నువ్వూ కాస్త కనిపెట్టి ఉండు అని. నేను ఆయ్ అన్నాను. ఆ మాట తెలిసి, పొయ్యి మానలేరని తెలిసి, ఆ పొయ్యినే పట్టుకుని వాదించాను. ఎందుకంటే ఆ పొద్దున్న లంక మావయ్య ఇచ్చిన కొత్త ఆకు చుట్టలు రెండు నా జేబులో ఉన్నాయి, బయట వాన పడుతోంది, పన్నెండుమంది నా మాట కోసం చూస్తున్నారు. ఇంతకంటే పెద్ద కారణం ఉందేమోనని ఎన్నో ఏళ్ళు వెతికాను. లేదు.

తాడు మళ్ళీ వేలాడింది, ఎవరూ మళ్ళీ దాని ఊసెత్తలేదు. పిన్ని దగ్గుతూనే రొట్టెలు కాల్చింది, మేము కాలుస్తూనే రొట్టెలు తిన్నాము. కొన్నేళ్ళకి వంతెన వచ్చింది, పంటు ఒడ్డెక్కింది, నేను రావులపాలెంలో ఒక అరటికాయల కమీషను కొట్లో కుదిరాను. హోటలు ఎత్తేసి బాబాయీ పిన్నీ ఐ.పోలవరం వైపు ఆవిడ తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారని విన్నాను. వెళ్ళి చూడాలని అనుకుంటూ రెండేళ్ళు గడిపేసి, చివరికి ఒకరోజు మధ్యాహ్నం బస్సెక్కాను.

బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషించాడు. ఆయన పక్కన కూర్చుని, ఇన్నాళ్ళకి ధైర్యం చేసి, ఆ రోజు అసలు సంగతి పదిమందిలో ఎందుకు చెప్పలేదు బాబాయ్ అని అడిగాను.

"ఇంట్లో ఆడమనిషి జబ్బుని అంతమంది మగాళ్ళ ముందు ఎలా చెప్పమంటావురా? నోరు రాలేదు. నీకు చెప్పేనని డాక్టరు గారు మళ్ళీ వచ్చినప్పుడు నాతో అన్నారు. నువ్వే ఏదో ఒకటి చెప్పి ఆపిస్తావని నీ వంక చూసేను."

కోపంగా అన్లేదు. పంటు వేళ చెప్పినట్టు చెప్పాడు.

లోపల పిన్ని మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరి ఆడదట. గుప్పెడు మనిషి అయిపోయింది. నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది, పోల్చుకున్నాక మొహం విప్పారింది, మరదలిని పిలిచి రెండు మాటల మధ్య ఊపిరి తీసుకుంటూ, "టిక్కెట్ల బాబు వచ్చేడే. నిప్పు పట్టుకురా. కాల్చుకుంటాడు," అంది.

నేను మానేశాను పిన్నీ అన్నాను. ఆవిడ మంచి పని చేసేవు అన్నట్టు తల ఊపింది. ఆ సమయానికి చుట్ట నా జేబులోనే ఉంది. తిరిగి వస్తూ దాన్ని కాలవలో విసిరేశానని ముందు రాశాను, కొట్టేశాను. విసరలేదు. బస్సు కోసం నిలబడినంత సేపూ కొబ్బరిచెట్టు కింద దాన్ని చివరిదాకా కాల్చాను. ఆ ఏడు ఉగాది రాకుండానే పిన్ని పోయింది. నేను చుట్ట మానింది ఆ తరవాత పదకొండేళ్ళకి, అదీ ఆవిడ కోసం కాదు, నా గుండె పట్టేస్తే కాకినాడలో డాక్టరు భయపెట్టినందుకు.

మొన్న ఆ సంఘం వాళ్ళకి ఫోను చేసి నాకు శాలువా వద్దు నాయనా, నేను చెప్పింది అబద్ధం, అసలు జరిగింది ఇదీ అని మొత్తం చెప్పాను. ఆ అబ్బాయి ఓపిగ్గా విని, ఊరుకోండి తాతగారూ, మీరు ముందు చెప్పిందే బాగుంది కదండీ, సభలో అదే చెప్పెయ్యండి అన్నాడు. వెళ్ళలేదు.

ఇప్పుడు అన్నిచోట్లా బోర్డులున్నాయి. బస్సులో ఉంది, సినిమా హాల్లో ఉంది, బారులో కూడా ఉంది. మంచిదే, ఆ బోర్డు ఒక్కటి మా పాకలో ఉండి ఉంటే బాబాయి తన ఇంటి సంగతి పదిమందిలో చెప్పుకోలేక నలిగిపోనక్కర్లేకపోయేది, నాలాంటివాడి తీర్పు కోసం ఎదురుచూడనక్కర్లేకపోయేది. ఎర్ర గీత ఎవరికీ మొహమాటపడదు. ఇంత తెలిసీ, ఇంత చెప్పీ, మీ దగ్గర ఒకటి మాత్రం దాచలేను. ఎక్కడైనా కొబ్బరి పీచు కాలుతున్న వాసన వస్తే నాకు ముందు ఆ పాక గుర్తొస్తుంది, వానా, ఎర్రటి నీళ్ళూ, తమ్ముడి వైపు తాడు తిప్పి పట్టుకున్న అన్న చెయ్యీ గుర్తొచ్చి, మనసుకి హాయిగా ఉంటుంది. ఆ తరవాత, కాస్త ఆలస్యంగా, తడిక వెనకనుంచి దగ్గు వినిపిస్తుంది. ఈ వరస తప్పు, దగ్గే ముందు రావాలి. ఎన్నిసార్లు తలుచుకున్నా అది ఆ వరసలోనే వస్తోంది.